మాటవరసకి యూరప్

సోమవారం పొద్దున్న శశిభూషణ్ గారు చెయ్యాల్సిన పనులు మూడే మూడు. దానవాయిపేటలో గణేష్‌బాబు ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళాలి, రెండు ఓడ టిక్కెట్లు ఖాయం చెయ్యాలి, వచ్చేటప్పుడు కరివేపాకు తేవాలి. మూడింటిలోకీ కష్టమైంది కరివేపాకేనని ఆయన గట్టిగా నమ్మారు. ఏ ఓడ, ఏ రోజు, ఏయే రేవులు అన్నది వాళ్ళావిడ నాగేశ్వరి గారు అప్పటికే తేల్చేశారు మరి. ఆవిడ తేల్చాక ఇంక చర్చంటూ ఏమీ ఉండదు.

నాగేశ్వరి గారు రాజమండ్రిలో ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళపాటు గోడకి ప్రపంచపటం తగిలించి, చేతికర్ర చివరతో ఖండాలన్నీ తిరిగారు. సొంత కాళ్ళతో తిరిగింది మాత్రం బహు తక్కువ, అది కూడా ఎప్పుడూ ఇంకొకరి ఇష్టప్రకారమే. పెళ్ళయిన కొత్తలో ఊటీకని బయలుదేరితే అత్తగారూ, ఆడపడుచూ, ఇద్దరు మేనత్తలూ తోడయ్యారు. బండి కాస్తా అన్నవరం వైపు తిరిగింది. కొత్త దంపతులు కొండ మీద వ్రతం చేసుకుని, ప్రసాదం పొట్లాలతో ఇంటికొచ్చేశారు. తర్వాత మైసూరు అనుకున్నదీ అంతే, సిమ్లా అనుకున్నదీ అంతే. సత్యనారాయణస్వామికి ఆవిడ మీద అంత దయ.

"ఈసారి అలా కాదు నాగేశ్వరీ," అన్నారు శశిభూషణ్ గారు, ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో తానూ రిటైరైన మర్నాడు. "యూరప్ వెళ్దాం. ఓడ మీద. మనిద్దరమే. ఏ రేవులు చూడాలో నువ్వే ఎంచు. నేను నోరెత్తితే ఒట్టు."

ఆ మాట పుచ్చుకుని ఆవిడ నెలరోజులు ఫోను కింద పెట్టలేదు. వంటింట్లో, వరండాలో, బట్టలు ఆరేసే చోట ఎక్కడ చూసినా యూరప్ రేవులే.

"వెనిస్‌లో ఇళ్ళ చుట్టూ నీళ్ళేనటండీ. గుమ్మంలోంచి పడవెక్కుతారట."

శశిభూషణ్ గారు ఒట్టు సంగతి మర్చిపోయారు. "మన గోదారి లంకల్లో ఆగస్టు వరదొస్తే అదే కదే."

"నిజమే, వద్దు. బార్సిలోనాలో పేద్ద చర్చి ఉందట. నూట నలభై ఏళ్ళ బట్టీ కడుతున్నారట, ఇంకా అవలేదట."

"మన ఎదురింటి సుబ్బారావు మేడలా ఉందే! పూర్తయ్యాక చూద్దాంలే."

"నార్వేలో అటూ ఇటూ కొండలూ, మధ్యలో నీళ్ళూనట." ఈ మాట అని ఆవిడే ఆగి, "పాపికొండలు రెండుసార్లు చూశాం," అని తోసేశారు.

అలా తోసుకుంటూ తోసుకుంటూ చివరికి ఒక ఓడ దగ్గర ఆగారు. ఇటలీలో నేపుల్స్ రేవులో మధ్యాహ్నం బయలుదేరి, మర్నాటికి సిసిలీ చేరి, అక్కణ్ణుంచి మాల్టా వెళ్తుంది. రేవులు పెద్ద గొప్పవేం కావు. కానీ దారిలో సాయంత్రం దీపాల వేళకి అది స్ట్రాంబోలి పక్కనుంచి వెళ్తుంది. మధ్యధరా సముద్రపు దీపస్తంభం! సముద్రం మధ్యలో ఒక్కటే నిలబడి వేల ఏళ్ళుగా నిప్పులు చిమ్ముతున్న కొండ. ఏటేటా ఆ ఒక్క ముక్కనీ నాగేశ్వరి గారు పిల్లల చేత పదిసార్లు వల్లె వేయించేవారు. పటంలో అది ఒక చుక్క. ఆ చుక్క మీద కర్ర పెట్టినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు జల్లుమనేది.

"అక్కడ ఓడ ఆగదటగా?" అన్నారు శశిభూషణ్ గారు.

"ఆగక్కర్లేదండీ. ఒక్కసారి కనబడితే చాలు. వెలుగుండగా కొండ కనబడుతుంది, చీకటి పడుతుంటే నిప్పు కనబడుతుంది. ఆ రెండూ చూపించే టైముకి వెళ్ళే ఓడ ఇదొక్కటే. ఇది తప్పితే నాకింకేం వద్దు."

అంత తేలికగా, అంత స్పష్టంగా ఆవిడ ఏదీ అడిగి ఎరగరు. శశిభూషణ్ గారికి గుండె కరిగిపోయింది. "స్ట్రాంబోలి నీకు చూపించకపోతే నా పేరు శశిభూషణే కాదు," అనేశారు. అనేసి, సోమవారం పొద్దున్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయలుదేరారు.

ఇక్కడ ఆయనకున్న ఒక జబ్బు గురించి చెప్పాలి. గోదావరి జిల్లాల్లో కంచం ముందు కూర్చున్నవాడు, గుమ్మంలో ఎవరు కనబడినా "రండి, భోంచేద్దాం" అంటాడు. గుమ్మంలో ఉన్నవాడు "ఇప్పుడే అయిందండి, మీరు కానివ్వండి" అంటాడు, వాడు తిని రెండు రోజులైనా సరే. అన్నవాడికీ విన్నవాడికీ అది మాటవరసేనని తెలుసు. శశిభూషణ్ గారికి ఈ మర్యాద కాస్త ముదిరింది. హెర్నియా ఆపరేషనుకి ఆయన్ని స్ట్రెచర్ మీద తోసుకెళ్తుంటే, ఎదురొచ్చిన ఆఫీసు మిత్రుడొకాయన కంగారుగా "ఎక్కడికండీ?" అన్నాట్ట. "లోపలికేనండి, మీరూ రండి" అన్నారట ఈయన.

ట్రావెల్స్ ఆఫీసు ఇంకో నాలుగడుగులుందనగా మోటారు రిపేరు షాపు ముందు సత్తిరాజు కనబడ్డాడు. తణుకు దగ్గర పల్లెటూళ్ళో పాతిక ఎకరాల వరి రైతు, ఇరిగేషన్ ఆఫీసు రోజుల నుంచీ స్నేహితుడు.

"ఆయ్, శశిభూషణ్ గారండీ! పొద్దున్నే మడత నలక్కుండా ఎక్కడికండీ?"

"యూరప్ వెళ్దామనండి, ఓడ మీద. మా ఆవిడా నేనూను. మీరూ రండి సరదాగా!"

నోరు జారిందని కూడా ఆయనకి తెలీదు. సత్తిరాజు "అబ్బే, మీరెళ్ళి రండి" అనాలి. అక్కడితో అయిపోవాలి. కానీ సత్తిరాజు మీసం దువ్వుకున్నాడు, మోటారు వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు.

"మీరంత ఆప్యాయంగా పిలుస్తుంటే ఎలా కాదంటానండీ? వస్తామండి. నేనూ మా వెంకటదుర్గాను."

శశిభూషణ్ గారి నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది.

"కాపోతే ఒక్క మాటండి," అన్నాడు సత్తిరాజు. "నేనొస్తే హాలెండ్ చూడాల్సిందేనండి. అక్కడ సముద్రాన్ని తోడేసి సేద్యం చేస్తారంట. మా చేలో మురుగుకాలవ ఎక్కేసినప్పుడల్లా అదే తలుచుకుంటానండి. మీ ఓడ అటు పోదేమోనండి మరి. పోకపోతే మీరేం మొహమాటపడకండి, చెప్పేయండి."

పిలిచిన నోటితో వద్దనడమా? శశిభూషణ్ గారి వంశంలోనే లేదు. "ఎంతమాట సత్తిరాజుగారూ! పోకపోవడమేంటి? అడుగుదాం పదండి," అన్నారు.

గణేష్‌బాబు నాగేశ్వరి గారి దగ్గర చదువుకున్నవాడే. కస్టమరుకి లేదు, కుదరదు అని చెప్పకూడదన్నది అతని వ్యాపార సూత్రం. హాలెండ్ అనగానే కంప్యూటర్లోకి తలదూర్చి, కాసేపటికి వెలిగిపోతూ పైకి తీశాడు.

"ఉందండి! ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎక్కి, పోర్చుగల్, స్పెయిన్ చుట్టుకుని నేపుల్స్ దాకా వస్తుందండి."

"నేపుల్స్ తర్వాత స్ట్రాంబోలి?" అని ఆశగా అడిగారు శశిభూషణ్ గారు.

"నేపుల్స్‌లో దిగిపోవడమేనండి. అదే ఆఖరు. టీచర్ గారు చెప్పిన ఓడలో బాల్కనీ గది ఆదివారం పొద్దున్న దాకా మీ పేరు మీద ఆపి ఉంచాను సార్, తొందరేం లేదు. ఆలోచించుకోండి."

ఇంటికి రాగానే నాగేశ్వరి గారు ఎదురొచ్చారు. "ఖాయం చేశారా?"

"గణేష్‌బాబు చూస్తున్నాడే. కంప్యూటర్లో ఏదో తిరుగుతోంది."

"కరివేపాకేదండీ?"

కరివేపాకూ లేదు, స్ట్రాంబోలీ లేదు. ఆయన చెప్పులు కూడా విప్పకుండా మళ్ళీ బజారుకి వెళ్ళారు. మొదటిది తేవడం తేలికనిపించింది.

ఏం చెయ్యాలో తోచక మర్నాడు నర్సాపురంలో ఉన్న అక్కగారు మహాలక్ష్మమ్మకి ఫోను చేశారు. చిన్నప్పటి నుంచీ కష్టమొస్తే అక్కే దిక్కు. యూరప్ సంగతి మొదలుపెట్టి, సత్తిరాజు దగ్గరికి ఇంకా రాకముందే అక్క అందుకుంది.

"ఓడ మీదే? అయ్ బాబోయ్, అదృష్టవంతులురా! నాకెప్పుడు రాసిపెట్టుందో."

"నువ్వూ రా అక్కా," అనేశారు శశిభూషణ్ గారు. అని నాలిక కరుచుకున్నారు. నాలిక కరుచుకున్న సంగతి ఫోన్లో కనబడదు.

అవతల ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడు వినబడింది. తర్వాత గొంతు సవరించుకుని, "నువ్వు నోరారా పిలిస్తే రానంటానా? వస్తాలే," అంది అక్క. "కానీ ఒరే, ఇక్కడ రేవులో గోదారి దాటించే పంటెక్కి అవతలికి వెళ్ళాలంటేనే నేను కళ్ళు మూసుకుని కూర్చుంటాను. గోదారి కాబట్టి సరిపోయింది. ఓడలో ఎప్పుడు చూసినా రెండు పక్కలా గట్టు కనబడాలిరా నాకు. సముద్రంలో గట్టెక్కడిది? ఉండదు కదూ?"

ఆ "ఉండదు కదూ"లో ఉన్న ఆశ ఎంతటిదో శశిభూషణ్ గారు గుర్తుపడితే ఈ కథ ఇక్కడే అయిపోయేది. "కనుక్కుంటానక్కా, నువ్వేం బెంగపెట్టుకోకు," అన్నారు.

గణేష్‌బాబు ఈసారి అరగంట తలదూర్చాడు. బయటికి తీసేసరికి లాటరీ గెలిచిన మొహం.

"సార్, సముద్రం ఎందుకండీ అసలు? రైన్ నది ఉంది! హాలెండ్‌లోనే ఎక్కచ్చు, సత్తిరాజుగారు హ్యాపీ. నది మీదే స్విట్జర్లాండ్ దాకా వెళ్ళచ్చు, దారంతా రెండు పక్కలా గట్టే, మీ అక్కగారు హ్యాపీ. ఒడ్డున కోటలు, ద్రాక్షతోటలు. ఓడ కూడా చిన్నదండి, మన పాపికొండల లాంచీ కన్నా కాస్త పెద్దది."

అంటే రాజమండ్రి నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి విమానంలో సముద్రాలు దాటి యూరప్ వెళ్ళి, అక్కడ నది మీద లాంచీ ఎక్కాలన్న మాట. నది కోసం అయితే ఇంట్లోంచి బయలుదేరి సైకిలు మీద వెళ్ళినా సరిపోతుంది. కానీ గణేష్‌బాబు మొహంలో ఆ సంతోషం చూసి కాదనడం శశిభూషణ్ గారికి మర్యాదగా తోచలేదు.

సాయంత్రం ధైర్యం చేసి భార్యకి చెప్పేద్దామని వంటింట్లోకి వెళ్ళారు. ఆవిడ ఒక చేత్తో అరటికాయ బజ్జీలు తీస్తూ, ఇంకో చేత్తో ఫోను చూపించారు.

"చూడండి, నిమిషాల తేడాలో పేలుతూనే ఉంటుందట. అయినా ఆ కొండ అంచునే మనుషులు ఇళ్ళు కట్టుకుని ఉంటున్నారట! ఇన్నేళ్ళూ ఈ ముక్క పిల్లలకి చెప్పలేదండీ నేను. అక్కడ జనం ఉంటారని నాకే తెలీదు."

ఆవిడ కళ్ళు చూశాక ఆయన చెప్పడం మానుకున్నారు. వేడి బజ్జీ ఒకటి నోట్లో పెట్టుకుని, అది కాలిందన్న వంకతో కళ్ళు తుడుచుకుని బయటికొచ్చారు.

ఇంక లాభం లేదు, పిలిచినవాళ్ళనే వెనక్కి తిప్పాలనుకున్నారు. సత్తిరాజుకి ఫోను చేసి, "అక్కడ చలి బాగా ఎక్కువటండి, మీకు పడుతుందో లేదో," అని నసిగారు. "మీరుండగా చలేంటండీ!" అన్నాడు సత్తిరాజు, ఎందుకో నీరసంగా. అక్కకి చేసి, "అన్నం దొరకదేమోనే," అన్నారు. "నువ్వు తిన్నదే నేనూ తింటాలేరా," అంది అక్క, ఇంకా నీరసంగా. ఫోను పెట్టేసేలోగా ఇంకో ఫోను మోగింది. ఈసారి వియ్యంకుడు.

కూతురు కౌముది మామగారు వీరవెంకటసత్యనారాయణ గారిది అన్నవరం. పేరెంత పొడుగో మర్యాదా అంతే పొడుగు. ఆయనతో మాట్లాడేటప్పుడు శశిభూషణ్ గారు ఫోన్లోనే అయినా లేచి నిలబడతారు.

"బావగారూ, ఓడ ప్రయాణం పెట్టుకున్నారని మా కోడలు చెప్పింది. చాలా సంతోషం."

ఇద్దర్ని పిలిచి, వియ్యంకుణ్ణి పిలవకుండా ఉంటే రేపు కూతురి మొహం చూడగలరా? పిలవకూడదని ఒక పక్క ప్రాణం కొట్టుకుంటున్నా, "మీరూ చెల్లెమ్మగారూ కూడా రావాలి బావగారూ," అని నోరు తన పని తాను చేసుకుపోయింది.

"ఆహా," అన్నారు వియ్యంకుడు. "మీరు పిలవడం, మేము రాకపోవడమూనా? తప్పకుండా. అయితే నాదొక చిన్న నియమం ఉంది బావగారూ. ఎన్ని రేవులున్నాయో అన్ని రేవుల్లోనూ దిగి స్నానం చేసి సంధ్య వార్చుకోవాలి. రేవన్నాక మెట్లుంటాయి కదా? ఒకవేళ లేకపోతే మాత్రం మా కోసం మీరు ఇబ్బంది పడద్దు."

యూరప్ వాళ్ళు రేవంటే ఓడ కట్టే చోటు అనుకుంటారు. మనకి రేవంటే ముందు స్నానం. ఈ తేడా వియ్యంకుడికి విడమరిచి చెప్పడం మర్యాద కాదని, శశిభూషణ్ గారు దాన్ని కూడా గణేష్‌బాబుకే అప్పజెప్పారు. గణేష్‌బాబు దాన్ని కూడా సాధించాడు. జర్మనీలో కొలోన్ ఊళ్ళో నది ఒడ్డున బారెడు మెట్లున్నాయట. స్విట్జర్లాండ్‌లో బాసెల్ అనే ఊళ్ళో అయితే ఎండాకాలం జనమంతా ఆఫీసులయ్యాక రైన్ నదిలో దూకి ఈదుకుంటూ ఇళ్ళకి పోతారట. "వాళ్ళతోపాటు మీ బావగారూ మునగచ్చు సార్," అన్నాడు. ఆ మాట వినగానే వియ్యంకుడు ఫోన్లో "ఓహో" అన్న తీరు, ఎవరికో ఒంట్లో బాగాలేదని విన్నట్టుంది.

ఆదివారం పొద్దున్న కాగితాల మీద సంతకాలకని అందరూ శశిభూషణ్ గారింట్లో చేరారు. హాల్లో సోఫా మీద వియ్యంకుడు, వియ్యపురాలు, కుర్చీలో అక్క, బల్ల మీద సత్తిరాజు, వెంకటదుర్గ, గుమ్మం పక్కన కాగితాలతో గణేష్‌బాబు. పెసరట్లు వచ్చాయి, ఉప్మా వచ్చింది, అల్లప్పచ్చడి వచ్చింది. అంతమంది గోదావరి జిల్లావాళ్ళు పెసరట్టు ముందు కూర్చుని ఒక్క మాట మాట్లాడకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు. సత్తిరాజు రెండోది వద్దన్నాడు. వెంకటదుర్గ కంగారుగా అతని నుదురు ముట్టుకుని చూసింది.

అందరూ తమని దీవించి సాగనంపడానికి వచ్చారనుకుంటున్న నాగేశ్వరి గారు ఒక్కరే ఉత్సాహంగా తిరుగుతున్నారు. ఆవిడ కాఫీ గ్లాసుల పళ్ళెంతో వచ్చేసరికి గణేష్‌బాబు లేచి గొంతు సవరించుకున్నాడు.

"అందరికీ నమస్కారమండి. మొత్తానికి అందరి కోరికలూ కలిసొచ్చేలా రైన్ నది మీద బుక్ చేస్తున్నానండి."

"ఏ నది?" అన్నారు నాగేశ్వరి గారు.

అది ఇంటావిడ గొంతు కాదు, క్లాసులో వెనక బెంచీ దాకా వినబడే గొంతు. గణేష్‌బాబు చేతులు వాటంతటవే కట్టుకుపోయాయి.

"రైన్ నదండి టీచర్ గారూ."

"నువ్వు పరీక్షలో రైన్ నదిని తీసుకెళ్ళి ఆఫ్రికాలో పెట్టినవాడివి. ఇప్పుడెక్కడ పెట్టావు? అందులో స్ట్రాంబోలి ఎక్కడొస్తుంది?"

"రాదండి."

ఆవిడ పళ్ళెం కింద పెట్టి భర్త వైపు తిరిగారు. శశిభూషణ్ గారు లేచి నిలబడ్డారు. సోమవారం నుంచి జరిగిందంతా, మోటారు షాపు దగ్గర నుంచి బాసెల్ స్నానాల దాకా, తలొంచుకుని ఒప్పజెప్పారు. "మాటవరసకి..." అని ఒకసారి అనబోయి, పిలిచినవాళ్ళంతా ఎదురుగా ఉన్నారని గుర్తొచ్చి, "మనసారా పిలిచాను," అని దిద్దుకున్నారు.

నాగేశ్వరి గారు అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుని కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"ముప్ఫై ఏళ్ళు ఆ చుక్క మీద కర్ర పెట్టి చూపించానండీ. ఎవరో చూశారు, నేను చూడలేదు. చూడకుండానే చెప్పాను. ఒక్కసారి కళ్ళారా చూసి, నేను పిల్లలకి అబద్ధం చెప్పలేదని అనిపించుకోవాలనుకున్నాను. అంతకంటే ఏం లేదు. పోన్లెండి, అందరూ సంతోషంగా వెళ్దాం."

మొదట మహాలక్ష్మమ్మ గారు తట్టుకోలేకపోయారు.

"ఒసే నాగేశ్వరీ, నన్ను తిట్టుకోకే. నాకసలు రావాలని లేదే!"

"అదేంటి వదినా?"

"తమ్ముడు అంత ప్రేమగా పిలిస్తే రానని ఎలా అంటాను? నొచ్చుకోడూ? అందుకని గట్టు కనబడాలని ఒక మెలిక పెట్టాను. సముద్రంలో గట్టుండదు కదా, వాడే వద్దంటాడు, నేను తప్పించుకోవచ్చు అనుకున్నాను. వీడు పోయి పోయి గట్టున్న ఓడ పట్టుకొచ్చాడు! నాలుగు రోజుల బట్టీ నాకు నిద్ర లేదే."

సత్తిరాజు ఒక్కసారి ఊపిరి వదిలాడు. "ఆయ్, నాదీ అదేనండి! మీరెళ్ళే దారి కాదని తెలిసే హాలెండ్ అన్నానండి. మీరు పిలిస్తే కాదంటే బాగోదని... అప్పటికి నాకు సార్వా వరి పొట్ట మీదుంటుందండి, నేను చేను ఒదిలి ఎక్కడికెళ్తానండీ? నాలుగు రోజుల నుంచీ మా ఆవిడ నాతో మాట్లాడ్డం లేదండి."

అందరి కళ్ళూ సోఫా వైపు తిరిగాయి. వీరవెంకటసత్యనారాయణ గారు కండువా సర్దుకున్నారు.

"యూరప్‌లో మెట్లుండవనుకున్నాను బావగారూ," అన్నారు బహు మెల్లిగా. "ఆ చల్లటి నీళ్ళలో, మనకి తెలియని జనంతో కలిసి మునగాలంటే... మీ మాట కాదనలేక ఒప్పుకున్నాను."

ఒకరు మొహమాటానికి పిలిచారు, మిగిలినవాళ్ళు మొహమాటానికి వస్తామన్నారు. రాకుండా ఉండటానికి మొహమాటంగా తలో మెలికా పెట్టారు. ఆ మెలికలన్నిటినీ గణేష్‌బాబు నిద్ర మానుకుని విప్పుకుంటూ వచ్చాడు. పాపం, ఆ కుర్రాడి మొహం చూడలేకపోయారెవరూ.

నాగేశ్వరి గారికి నమ్మకం కుదరలేదు. ఈ మాట కూడా మర్యాదకి అంటున్నారేమోనని అనుమానం. లేచి హాలు మధ్యలో నిలబడ్డారు.

"మొహమాటాలు కట్టిపెట్టి చెప్పండి. యూరప్ రావాలని నిజంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. సత్తిరాజయితే పొరపాటున కూడా లేవకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. నాగేశ్వరి గారు తన చెయ్యి తానే ఎత్తి, ఎదురుగా ఉన్న భర్త వైపు చూశారు. శశిభూషణ్ గారి చేతులు రెండూ కిందే ఉన్నాయి. వియ్యంకుడు ఎత్తనిది తానెత్తితే ఏం బాగుంటుందని కాస్త, ఇంత చేశాక ఏ మొహంతో ఎత్తాలని మిగతా అంతా.

"సరే," అన్నారు ఆవిడ. "గణేష్‌బాబూ, స్ట్రాంబోలి ఓడకి ఒక్క టిక్కెట్టు."

శశిభూషణ్ గారి చెయ్యి మెల్లిగా భుజం దాకా లేచింది. ఒకసారి వియ్యంకుడి వైపు చూశారు. వియ్యంకుడు "ఎత్తండి బావగారూ" అన్నట్టు తలూపారు. అప్పుడు రెండు చేతులూ పైకి లేచాయి.

"ఏదన్నా మెలికుందా?" అన్నారు నాగేశ్వరి గారు.

"లేదు టీచర్ గారూ," అన్నారాయన. హాలంతా గొల్లుమంది. సత్తిరాజు రెండో పెసరట్టు తెమ్మన్నాడు, ఆ తర్వాత మూడోది కూడా.

గణేష్‌బాబు పరుగున ఆఫీసుకెళ్ళి, కనుక్కుని ఇంటికి ఫోను చేశాడు. ఆపి ఉంచిన బాల్కనీ గది అప్పటికే జారిపోయింది. ఓడ కడుపులో, కిటికీ కూడా లేని గది ఒక్కటే మిగిలింది. "చెయ్యి," అన్నారు నాగేశ్వరి గారు, అతను మాట పూర్తిచేసేలోగానే.

సెప్టెంబరు నెలలో ఒక సాయంత్రం ఆ ఓడ పైఅంతస్తులో కటకటాలు పట్టుకుని ఇద్దరూ నిలబడ్డారు. నాగేశ్వరి గారు చీర మీద స్వెట్టరు వేసుకుని, మధ్యాహ్నం నుంచీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఎండ తగ్గుతుండగా నీళ్ళలోంచి నల్లగా, ఒంటరిగా కొండ పైకొచ్చింది. శిఖరం మీద కాస్త పొగ. చుట్టూ ఉన్న జనం ఫోటోలు తీసుకుని, భోజనాలకి గంట కొట్టగానే ఒక్కొక్కరే లోపలికి వెళ్ళిపోయారు.

శశిభూషణ్ గారికి కంగారు పుట్టింది. ఇంత దూరం వచ్చాక ఇది మండకపోతే? "ఏదే, నిప్పేదీ?" అన్నారు.

"ఉండండి. తొందరపెట్టకండి దాన్ని."

చీకటి పడింది. ఓడ కొండని దాటిపోతోంది. ఇంక అయిపోయిందని ఆయన దిగులుపడుతుండగా శిఖరం మీద ఎర్రగా ఒక్కసారి ఎగసింది. నిప్పురవ్వలు పైకి లేచి, చెల్లాచెదురై, వాలు వెంట సముద్రం వైపు జారాయి. నాగేశ్వరి గారు భర్త చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ ఏడుస్తున్నారు. ఆయన కొండని చూడటం మానేసి ఆవిణ్ణే చూస్తూ నిలబడ్డారు. ఇన్నేళ్ళ కాపరంలో ఈ మొహం ఇంత వెలగడం తానెప్పుడూ చూడలేదని, ఎప్పుడో చూడాల్సిందని ఆయనకి మనసులో కలుక్కుమంది.

"ఎలా ఉంది నాగేశ్వరీ?" అని అడిగారు.

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఇంకోసారి జాగ్రత్తగా చూశారు.

"నేను చెప్పినట్టే ఉందండీ," అన్నారు.

మొత్తానికి ఆ కొండ పాసయింది.